లారీకి పడిన అతుకులు ఏం చెబుతున్నాయి?

ఏటా జనవరి 26న కర్తవ్యపథ్‌లో సైనిక కవాతు సాగుతున్నప్పుడు అందరి చూపూ పినాక రాకెట్ల మీద, బ్రహ్మోస్ క్షిపణుల మీద నిలుస్తుంది. అవి ఎంత దూరం వెళ్ళగలవో, వాటిని ఎవరు రూపొందించారో వ్యాఖ్యాతలు గర్వంగా వివరిస్తారు. వాటిని వీపున మోసుకొస్తున్న లారీ గురించి మాత్రం ఒక్క మాటా వినిపించదు. క్షిపణి యుద్ధం వస్తేనే లేస్తుంది. లారీ అలా కాదు. శాంతికాలంలో కూడా దానికి ప్రతిరోజూ యుద్ధమే. లద్దాఖ్‌లోని చిట్టచివరి శిబిరానికి బియ్యం చేరాలన్నా, కిరోసిన్ చేరాలన్నా, గాయపడ్డ జవాను ఆసుపత్రికి చేరాలన్నా ఆ లారీ కదలాల్సిందే.

పార్లమెంటులోనూ పరిస్థితి ఇంతే. రక్షణ శాఖ పద్దులు చాలాసార్లు చర్చే లేకుండా గిలటిన్ అయిపోతాయి. చర్చ జరిగినా యుద్ధ విమానాలు, జలాంతర్గాములు, వాటి ధరల చుట్టూనే వాదోపవాదాలు సాగుతాయి. లారీ ప్రస్తావన రావాలంటే ఏదో ఒక కుంభకోణం బయటపడాలి. అందువల్లనే ఒక ముఖ్యమైన ప్రశ్న దశాబ్దాలుగా సభ గడప తొక్కలేదు. సైన్యంలో చేరిన రోజున ఒక లారీ ఎలా ఉంది, ఇరవై ఏళ్ళ తర్వాత పదవీ విరమణ చేసే రోజున ఎలా ఉంది? ఆ రెండు రూపాల మధ్య ఉన్న తేడా ఎవరి నిర్ణయం, ఎవరి బాధ్యత?

ఈ తేడా చిన్నది కాదు. విజయవాడ ఆటోనగర్‌ను చూసినవారికి ఈ విషయం ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. కంపెనీ నుంచి ఛాసిస్ వస్తుంది. బాడీ ఇక్కడ కడతారు. సరుకును బట్టి, రోడ్డును బట్టి కమాన్ కట్టలకు అదనపు పట్టీలు చేరతాయి. నాలుగేళ్ళు తిరిగాక ఆ లారీని తయారు చేసిన ఇంజనీరే గుర్తుపట్టలేడు. సైనిక లారీ కథ కూడా అదే. కాకపోతే ఇక్కడ పొరపాటుకు మూల్యం సరుకు రూపంలో కాక ప్రాణాల రూపంలో చెల్లించాల్సి వస్తుంది.

మన సైన్యానికి తొలి లారీగా పేరు పడిన శక్తిమాన్‌నే తీసుకుందాం. కృష్ణమీనన్ రక్షణ మంత్రిగా ఉన్నప్పుడు, 1958లో జర్మనీకి చెందిన మాన్ సంస్థతో లైసెన్సు ఒప్పందం కుదిరింది. మరుసటి సంవత్సరమే జబల్పూర్‌లోని గన్ క్యారేజ్ ఫ్యాక్టరీ నుంచి మొదటి వాహనం బయటికి వచ్చింది. 1969లో అదే నగరంలో ప్రత్యేకంగా వెహికల్ ఫ్యాక్టరీ ఏర్పడింది. 1990ల మధ్య వరకు శక్తిమాన్ తయారవుతూనే ఉంది. యూరప్ రోడ్ల కోసం రూపొందిన ఒక లారీ 1965లో, 1971లో రెండు యుద్ధాలు చూసింది. రాజస్థాన్ ఎడారిలోనూ, ఈశాన్యపు బురదలోనూ, హిమాలయపు మలుపుల్లోనూ తిరిగింది. నీళ్ళ ట్యాంకుగా, ఇంధన ట్యాంకుగా, రేడియో గదిగా, అంబులెన్సుగా, చెడిపోయిన వాహనాలను లాక్కొచ్చే క్రేనుగా అవతారాలెత్తింది. ఆ తర్వాత వచ్చిన అశోక్ లేలాండ్ స్టాలియన్, టాటా రెండున్నర టన్నుల వాహనం కూడా అదే బాట పట్టాయి.

ఈ మార్పులన్నీ ఒకే తరగతికి చెందినవి కావు. ఫ్యాక్టరీలోనే కొత్త నమూనాగా వచ్చేవి కొన్ని. సైన్యపు వర్క్‌షాపుల్లో, అనుమతి పొందిన డ్రాయింగుల ప్రకారం జరిగేవి మరికొన్ని. ఈ రెండింటికీ కాగితం ఉంటుంది, పరీక్ష ఉంటుంది, సంతకం ఉంటుంది. మూడో తరగతి వేరు. అక్కడ కాగితం ఉండదు, అవసరం మాత్రమే ఉంటుంది. డ్రైవరు, మెకానిక్కు, యూనిట్ అధికారి కలిసి తమ ఎదుట ఉన్న ప్రమాదానికి తమ చేతిలో ఉన్న వస్తువులతో సమాధానం వెతుక్కుంటారు. అద్దాలకు ఇనుప వల బిగిస్తారు. నేల మీద ఇసుక బస్తాలు పరుస్తారు. పక్కలకు ఇనుప పలకలు వెల్డింగు చేస్తారు. నా ఉద్దేశంలో ఏ సైన్యం గురించైనా నిజం తెలుసుకోవాలంటే దాని కవాతును కాదు, ఈ మూడో తరగతి మార్పులనే చూడాలి. తీవ్రమైన ముప్పు ఎక్కడ ఉందో, దాన్ని ఊహించడంలో రాజధాని ఎక్కడ విఫలమైందో అవి చెబుతాయి.

ప్రపంచమంతటా ఇదే అనుభవం. 1967 సెప్టెంబర్ 2న వియత్నాంలోని ఆన్ ఖే సమీపంలో అమెరికా సైన్యపు సరఫరా లారీల వరుసపై మాటువేసి దాడి చేశారు. డ్రైవర్లు మరణించారు, పెద్ద సంఖ్యలో లారీలు ధ్వంసమయ్యాయి. ఆ తర్వాత రవాణా యూనిట్లే తమ లారీలను మార్చుకోవడం మొదలుపెట్టాయి. మొదట చెక్కలు, ఇసుక బస్తాలు పేర్చారు. తడిసిన ఇసుక బరువుకు లారీలు కుంగిపోవడంతో ఇనుప పలకలకు మారారు. వాటి మీద మెషిన్ గన్లు బిగించారు. ‘గన్ ట్రక్కులు’గా పేరు పొందిన ఈ వాహనాలను ఏ పరిశోధనా కేంద్రమూ రూపొందించలేదు. యుద్ధం ముగిశాక వాటిలో ఒకదాన్ని మ్యూజియంలో పెట్టారు. వాటి గుణపాఠాన్ని కూడా అక్కడే వదిలేశారు.

ఎందుకంటే, 37 ఏళ్ళ తర్వాత అదే కథ పునరావృతమైంది. 2004 డిసెంబర్ 8న కువైట్‌లో రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్‌ను ఒక సైనికుడు అందరి ఎదుటా నిలదీశాడు. మా వాహనాలకు కవచం కోసం మేము చెత్తకుప్పల్లో ఇనుప ముక్కలు ఏరుకోవాల్సిన దుస్థితి ఎందుకని అడిగాడు. ఉన్న సైన్యంతోనే యుద్ధానికి వెళ్తాం, కోరుకున్న సైన్యంతో కాదన్నది రమ్స్‌ఫెల్డ్ సమాధాన సారాంశం. ఆ సమాధానం ఆయన రాజకీయ జీవితాన్ని చివరిదాకా వెంటాడింది. ఆయన స్థానంలోకి వచ్చిన రాబర్ట్ గేట్స్ 2007లో, మందుపాతరలను తట్టుకునే వాహనాల కొనుగోలే తన శాఖకు అత్యంత ప్రాధాన్యమని ప్రకటించవలసి వచ్చింది. ఒక సాధారణ సైనికుడు అడిగిన ప్రశ్న విధానాన్ని మార్చింది. ఆ ప్రశ్నను బహిరంగంగా అడిగే అవకాశం అతనికి ఉండటమే అందులో కీలకం.

మన పొరుగున ఉన్న శ్రీలంక అనుభవం ఇంకా ఆసక్తికరం. అంతర్యుద్ధ కాలంలో మందుపాతరలకు జవాన్లు బలవుతుంటే ఆ దేశం దక్షిణాఫ్రికా నుంచి బఫెల్ వాహనాలను తెచ్చుకుంది. అంతటితో ఆగలేదు. ఆ నమూనా ఆధారంగా సైన్యపు ఇంజనీర్లే యూనికార్న్‌ను, తర్వాత యూనిబఫెల్‌ను స్వదేశంలో తయారు చేశారు. అంటే వర్క్‌షాపులో పుట్టిన జ్ఞానం అధికారిక ఉత్పత్తిగా మారింది. ఆ యుద్ధపు రాజకీయాలపై, అందులో పౌరులు అనుభవించిన ఘోరాలపై ఎన్ని అభిప్రాయాలైనా ఉండవచ్చు. కానీ చిన్న దేశం, చిన్న సైన్యం, పరిమిత వనరుల మధ్య మెకానిక్కు మాటకు విలువ దక్కిందన్నది వాస్తవం.

మరి మన దేశంలో? కశ్మీర్‌లోనూ బస్తర్‌లోనూ మన భద్రతా బలగాలు దశాబ్దాలుగా ఇలాంటి ముప్పునే ఎదుర్కొంటున్నాయి. మామూలు వాణిజ్య ఛాసిస్‌కు కవచం తొడిగి తయారు చేసిన బంకర్ వాహనాలు శ్రీనగర్ వీధుల్లో సర్వసాధారణం. ఛత్తీస్‌గఢ్‌లో మందుపాతర నిరోధక వాహనాలను ప్రవేశపెడితే, మావోయిస్టులు పేలుడు పదార్థాల మోతాదు పెంచారు. ఆ వాహనాలను నాలుగు చక్రాల శవపేటికలని బలగాల్లోనే అనుకునే పరిస్థితి వచ్చింది. చివరికి బస్తర్‌లో వాహనం దిగి కాలినడకన వెళ్ళడమే క్షేమమన్న నియమం అమలులోకి వచ్చింది. ఆ నియమం సడలిన చోట ఏమవుతుందో 2019 మే 1న గడ్చిరోలిలో చూశాం. ప్రైవేటు వాహనంలో వెళ్తున్న 15 మంది పోలీసులు, డ్రైవరు పేలుడుకు బలయ్యారు.

అంతకు రెండున్నర నెలల ముందు, ఫిబ్రవరి 14న, పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లను కోల్పోయాం. ఆ రోజు 78 వాహనాల వరుస జమ్మూ నుంచి శ్రీనగర్ వెళ్తోంది. దాడికి గురైనది కవచం లేని బస్సు. ఘటన జరిగిన వారానికే కేంద్ర హోంశాఖ పారామిలటరీ జవాన్లందరికీ ఆ మార్గంలో విమాన ప్రయాణ సౌకర్యం కల్పించింది. ఆ నిర్ణయాన్ని ఎవరూ తప్పు పట్టలేరు. అయితే దాని అంతరార్థాన్ని గమనించాలి. వాహనాన్ని సురక్షితం చేయలేకపోయాం కనుక మనిషిని వాహనం నుంచి దించేశాం. బస్తర్‌లో కాలినడకన పంపాం, కశ్మీర్‌లో విమానమెక్కించాం. మధ్యలో లారీ సమస్య లారీ సమస్యగానే మిగిలింది. ఎన్నికల సభల్లో ఆ 40 మంది ప్రస్తావన పదే పదే వచ్చింది. వారు ఎక్కిన వాహనం ప్రస్తావన మాత్రం రాలేదు.

కవచం తగిలిస్తే సరిపోతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. అసలు చిక్కు అక్కడే ఉంది. ఒక చదరపు మీటరు వైశాల్యం, ఆరు మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పలక దాదాపు 47 కిలోలు తూగుతుంది. క్యాబిన్‌కు, పక్కలకు కలిపి పది చదరపు మీటర్లు అతికిస్తే అర టన్నుకు చేరువైన బరువు కూడుతుంది. ఆ బరువు కొండ దారిలో కిందికి దిగేటప్పుడు బ్రేకుల మీద పడుతుంది. మలుపు తిరిగేటప్పుడు బరువంతా పైభాగాన ఉన్నందువల్ల లారీ ఒరిగే గుణం పెరుగుతుంది. బరువు మోయడానికి కమాన్ పట్టీలు చేర్చితే ఆ దెబ్బ యాక్సిల్ మీదికి, టైర్ల మీదికి బదిలీ అవుతుంది. పేలుడు యంత్రాల సంకేతాలను అడ్డుకునే జామర్‌ను అమర్చితే ఆల్టర్నేటర్ చాలదు, బ్యాటరీలు పెంచాలి. ఒక మార్పు మరో మూడు మార్పులను కోరుతుంది. తూటా నుంచి రక్షించే పలక లోయ నుంచి రక్షించదు.

లోయల మాట ఊరికే అనలేదు. 2022 డిసెంబర్ 23న ఉత్తర సిక్కింలోని జెమా వద్ద సైనిక లారీ లోయలో పడి 16 మంది ప్రాణాలు కోల్పోయారు. 2023 ఆగస్టు 19న లేహ్ సమీపంలోని కియారీ వద్ద అలాంటి ప్రమాదంలోనే తొమ్మిది మంది మరణించారు. ఈ దుర్ఘటనలకు లారీలకు చేసిన మార్పులే కారణమని నేను ఆరోపించడం లేదు. రోడ్డు, మంచు, మలుపు, అలసట, అన్నీ ప్రాణాంతకాలే. కానీ శత్రువు తూటా ఒక్కటి కూడా పేలకుండానే ఇంతమందిని కోల్పోతున్నప్పుడు, ప్రతి ప్రమాదం తర్వాతా ఆ వాహనం వయస్సు, బరువు, దానికి జరిగిన మార్పుల వివరాలు పార్లమెంటు ముందుకు రావాలని కోరడం దేశద్రోహం కాదు. సంతాప సందేశాలతో ఆ అధ్యాయం ముగిసిపోకూడదు.

2020లో గల్వాన్ ఘర్షణ తర్వాత తూర్పు లద్దాఖ్‌లో వేలాది జవాన్లు శీతాకాలమంతా నిలవాల్సి వచ్చినప్పుడు లారీ విలువ మరోసారి తెలిసివచ్చింది. ఐదు వేల మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సుమారు సగం మాత్రమే. టర్బో లేని డీజిల్ ఇంజన్ అక్కడ ఆయాసపడుతుంది. మామూలు డీజిల్ చలికి చిక్కబడి గొట్టాల్లో పేరుకుంటుంది. బ్యాటరీ శక్తి సన్నగిల్లుతుంది. ఉదయం లారీని లేపడానికి ఇంజన్ కింద మంట పెట్టడం, చల్లబడితే మళ్ళీ లేవదన్న భయంతో రాత్రంతా ఇంజన్‌ను నడుపుతూనే ఉంచడం ఆ ప్రాంతపు డ్రైవర్లకు తరతరాల విద్య. మైనస్ 33 డిగ్రీల వరకు గడ్డకట్టని శీతాకాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019 నవంబర్‌లో లద్దాఖ్‌కు ప్రవేశపెట్టింది. సంతోషమే. కానీ భారత సైన్యం లద్దాఖ్‌లో కాలుమోపింది 1947–48లో! డ్రైవరుకు తెలిసిన సమస్యకు వ్యవస్థ దగ్గర పరిష్కారం దొరకడానికి ఎన్ని శీతాకాలాలు పట్టిందో లెక్కవేసుకోండి.

ఇంత ఆలస్యం ఎందుకు? కారణం మన రాజకీయాలు లారీని చూసే తీరులో ఉంది. 1986లో చెకోస్లొవేకియా సంస్థతో ఒప్పందం చేసుకుని బీఈఎంఎల్ టాట్రా లారీలను సైన్యానికి సరఫరా చేయడం మొదలుపెట్టింది. ఎంతటి గుంతల్లోనైనా నడిచే సత్తా వాటికి ఉంది. మన క్షిపణి వ్యవస్థలు అనేకం వాటిపైనే నిలిచాయి. కానీ ఎడమవైపు వాహనాలు నడిపే ఈ దేశంలో, స్టీరింగు కూడా ఎడమవైపే ఉన్న లారీలను దశాబ్దాలపాటు కొన్నాం. ఎదురుగా వచ్చే వాహనం కనపడని డ్రైవరు కొండ మలుపులో ఎలా నెట్టుకొచ్చాడో ఎవరూ అడగలేదు. 2012 మార్చిలో అప్పటి సైన్యాధిపతి జనరల్ వి.కె. సింగ్, 600 నాసిరకం వాహనాలకు అనుమతిస్తే రూ.14 కోట్లు ఇస్తామని తనకు లంచం ఎరచూపారని వెల్లడించినప్పుడు దేశం అట్టుడికింది. పార్లమెంటు స్తంభించింది. సీబీఐ రంగంలోకి దిగింది. డబ్బు ఎవరికి చేరిందన్న ప్రశ్నపై నెలల తరబడి రచ్చ జరిగింది. స్టీరింగు ఎటువైపు ఉండాలన్న ప్రశ్న ఆ రచ్చలో కొట్టుకుపోయింది.

బోఫోర్స్‌ది మరో పాఠం. 1986లో శతఘ్నులను కొన్నాం. ముడుపుల ఆరోపణలు వచ్చాక కంపెనీతో సంబంధాలు తెంచుకున్నాం. అవినీతిపై కఠినంగా వ్యవహరించామని చెప్పుకున్నాం. ఆ తర్వాత విడిభాగాలు దొరక్క కొన్ని శతఘ్నులను విప్పి మరికొన్నింటికి అమర్చుకోవాల్సి వచ్చింది. రాజకీయ నిర్ణయానికి తగిలిన గాయానికి వర్క్‌షాపులో కట్టు కట్టారన్నమాట. ఇలాంటి నేర్పును మనం ‘జుగాడ్’ అని పొగుడుతాం. నాకు ఆ పొగడ్తలో ఒక మోసం కనిపిస్తుంది. మెకానిక్కు నైపుణ్యాన్ని కీర్తిస్తూనే, అతనికి ఆ అగత్యం కల్పించినవారిని అది తప్పిస్తుంది. జవాను సమస్యను తానే పరిష్కరించుకున్నప్పుడల్లా, ఢిల్లీలో ఒక ఫైలు ముందుకు కదలాల్సిన అవసరం తీరిపోతుంది.

ఇక్కడ ఎదురు వాదనను కూడా గౌరవించాలి. ప్రతి వెల్డింగుకూ ఢిల్లీ అనుమతి కావాలంటే సైన్యం కదలదు. యుద్ధంలో పరిస్థితి గంటగంటకూ మారుతుంది. ఆ క్షణాన చొరవ చూపిన డ్రైవరును నిబంధనల పేరిట దండించడం మూర్ఖత్వం. సోవియట్ యూనియన్ 1961లో పెట్రోలు ఇంజన్‌తో ప్రవేశపెట్టిన ఉరాల్ లారీ, 1977లో డీజిల్ ఇంజన్‌తో పునర్జన్మ పొంది నేటికీ నడుస్తోంది. అమెరికా తన రెండున్నర టన్నుల లారీకి నాలుగు దశాబ్దాల తర్వాత కొత్త ఇంజన్, గేర్ బాక్స్ అమర్చి ఆయుష్షు పొడిగించింది. అంటే మార్పు తనంతట తాను దోషం కాదు, మంచి వాహనానికి అది లక్షణం. దోషమల్లా ఆ మార్పును నమోదు చేయకపోవడంలో, దాన్నుంచి నేర్చుకోకపోవడంలో ఉంది.

ఈ నేర్చుకునే వ్యవస్థ మన దగ్గర లేకపోలేదు. 1943లో ఏర్పడిన ఈఎంఈ కోర్ ఉంది. దాని ఇంజనీర్లను తీర్చిదిద్దే మిలటరీ కాలేజీ మన సికింద్రాబాద్‌లోనే ఉంది. వాహనాల పరిశోధనకు అహ్మద్‌నగర్‌లో డీఆర్డీవో సంస్థ ఉంది. జబల్పూర్ ఫ్యాక్టరీలో తరాల అనుభవం ఉంది. అయితే గత కొన్నేళ్ళుగా ఈ గొలుసులోని ఒక్కొక్క కొక్కెం వదులవుతోంది. జబల్పూర్‌లో తయారయ్యే లారీలు ‘కీలకం కాని’ ఉత్పత్తుల్లో చేరాయి. వాటిని బయటి మార్కెట్లో కొనుక్కోవచ్చన్నారు. సైన్యపు బేస్ వర్క్‌షాపులను ప్రైవేటు నిర్వహణకు అప్పగించే ప్రతిపాదన 2017లో ఆమోదం పొందింది. 2021 అక్టోబర్ 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దయి ఏడు కంపెనీలుగా విడిపోయింది. జబల్పూర్ వాహన కర్మాగారం, మన మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఒకే కంపెనీ కిందికి వచ్చాయి. అంతకుముందే సమ్మెను నిషేధిస్తూ ప్రభుత్వం ఆర్డినెన్సు, ఆపై చట్టం తెచ్చింది. కార్మికుల ప్రశ్నలకు సభలోనూ బయటా జవాబు రాలేదు.

ప్రైవేటు రంగం లారీలు చేయలేదని నేను అనడం లేదు. స్టాలియన్‌ను రూపొందించింది ప్రైవేటు సంస్థే. నా సందేహం వేరు. లారీని అమ్మినవాడికి ఆ లారీ ఇరవై ఏళ్ళ జీవితంతో సంబంధం ఉంటుందా? లద్దాఖ్‌లో బిగించిన హీటరు, కుప్వారాలో అతికించిన పలక తాలూకు అనుభవం తర్వాతి నమూనా గీసే ఇంజనీరు బల్ల మీదికి చేరుతుందా? టెండర్లలో తక్కువ ధర పలికినవాడికే లారీ దక్కుతుంది. జ్ఞాపకశక్తికి టెండరులో మార్కులు ఉండవు.

చేయవలసింది అసాధ్యమైనదేమీ కాదు. ప్రతి సైనిక వాహనానికీ ఒక జీవిత చరిత్ర ఉండాలి. ఎప్పుడు, ఎక్కడ, ఏ మార్పు జరిగింది, దానివల్ల ఎంత బరువు పెరిగిందన్నది అందులో చేరాలి. క్షేత్రంలో చేసిన మార్పును శిక్షించకుండా, నిర్ణీత గడువులోగా పరీక్షించి, మంచిదైతే అన్ని యూనిట్లకూ విస్తరించి, ప్రమాదకరమైతే కారణం చెప్పి తొలగించాలి. తర్వాతి కొనుగోలు నిబంధనల్లో ఆ అనుభవం ప్రతిఫలించిందా లేదా అన్నది కాగ్ తనిఖీ చేయాలి. రక్షణ శాఖ స్థాయీ సంఘం ఏడాదికి ఒక్కరోజైనా డ్రైవర్లనూ మెకానిక్కులనూ పిలిచి వినాలి. ఇందులో ఏదీ సైనిక రహస్యం కాదు. శత్రువుకు మన లారీల అతుకులు ఎప్పుడో కనిపిస్తున్నాయి. చూడనిది మనమే.

కాలం తీరిన సైనిక వాహనాలను చివరికి వేలం వేస్తారు. ఎవరో కొనుక్కుంటారు. గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేసి తూకానికి అమ్ముతారు. పలక అతికించిన చోట వెల్డింగు గుర్తు, తుపాకీ నిలిపిన చోట రంధ్రం, అదనంగా వేసిన కమాన్ పట్టీ అన్నీ కిలోల లెక్కన కరిగిపోతాయి. వాటితోపాటు ఇరవై ఏళ్ళ అనుభవమూ పాత ఇనుము ధరకే పోతుంది. మరుసటి ఏడాది కొత్త లారీ వస్తుంది. కొత్త డ్రైవరు దానిలో ఇసుక బస్తాలు సర్దుకోవడంతో కథ మళ్ళీ మొదటికొస్తుంది.